పటానికి దండ

“ఆవిడ పోయిందని మీకెవరు చెప్పారు మాస్టారూ?”

వెంకటదుర్గ గుమ్మంలో చెప్పులు విడవడం కూడా మర్చిపోయి, చేతిలోని పత్రికను నరసింహమూర్తి గారి బల్ల మీద పరిచింది. రామచంద్రపురం నుంచి వచ్చే ఆ చిన్న మాసపత్రికకు సంపాదకుడూ, ప్రూఫులు దిద్దేదీ, పేజీలు పెట్టేదీ అన్నీ ఆయనే. చివరి పేజీ మాత్రం దుర్గది. కువైట్‌లో పనిచేసినన్నాళ్లూ ఫిలిప్పీన్స్ అమ్మాయిలతో ఒకే గదిలో ఉండి, వాళ్ల దయ్యాల నవలల పిచ్చి తనూ అంటించుకొచ్చింది. ఫిలిప్పీన్స్‌లో ఎవరు ఏ నవల రాస్తున్నారో, ఏ డిటెక్టివ్ కథ సినిమాగా వస్తోందో నెలనెలా ఆ పేజీలో రాస్తుంది.

ఈసారి మారివిక్ కబాల్సా అనే రచయిత్రి కొత్త దయ్యాల నవల విడుదలైన వార్త రాసింది. అచ్చులో చూస్తే దాని నెత్తిన ఇంత లావు అక్షరాలతో ‘మారివిక్ ఇక లేరు’ అని ఉంది.

నరసింహమూర్తి గారు కళ్లజోడు సర్దుకున్నారు. “నువ్వు పంపిన ఫొటోలోనే ఉంది కదమ్మా! నిలువెత్తు పటం, పటానికి మల్లెపూల దండ, ముందు వరసగా కొవ్వొత్తులు. ఇంకేమనుకోమంటావు?”

“అది పుస్తకావిష్కరణండీ బాబూ! దయ్యాల పుస్తకం కదా అని స్టేజీని అలా అలంకరించారు.”

“బతికున్న మనిషి పటానికి దండ వేస్తారా ఎక్కడైనా? అపచారం కాదూ?”

“మనకి అపచారం. వాళ్లకేంటండీ? పోనీ, నన్నొక్క మాట అడగొచ్చు కదా?”

“తొందరలో నువ్వే ఆ ముక్క రాయడం మర్చిపోయావనుకున్నా. అందుకే నాలుగు వాక్యాలు నేనే కలిపా.” ఆయన గొంతు తగ్గించారు. “బాగానే కుదిరాయి కూడాను.”

దుర్గ ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ చదివింది. ‘కథల్లో ఎన్నో ఆత్మలను మన కళ్లకు కట్టిన ఆమె ఆత్మకు శాంతి కలగాలి’ అని ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి ఏడుపే వచ్చింది.

రాదూ మరి! ఎనిమిది నెలలుగా వంటపని అవ్వగానే కూర్చుని, ఆ మారివిక్ మొదటి నవలను తెలుగులోకి మారుస్తోంది. మూడు లాంగ్ నోట్‌బుక్కులు నిండాయి. “మీ పత్రికలో నా గురించి ఏం రాస్తారో చూశాక అనుమతి పత్రం పంపుతాను” అని ఆవిడ మాటిచ్చింది. ఉత్సాహం పట్టలేక దుర్గ నిన్న పొద్దున్నే, మాస్టారు పంపిన పత్రిక పీడీఎఫ్‌ని తెరిచైనా చూడకుండా ఆవిడకి పంపేసింది. ఇవాళ ప్రెస్ నుంచి కాపీలు వచ్చాక గానీ సంగతి తెలియలేదు.

“ఆవిడకి తెలుగు రాదుగా!” అన్నారు నరసింహమూర్తి గారు ఆశగా.

“ఆవిడ ఫోన్‌కి వచ్చండీ! ఇట్టే ఇంగ్లీషులోకి మార్చేసి చూపిస్తుంది.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “తప్పంతా నాది. ఆవిడకి నా పేరు పెట్టే రాయమ్మా. సవరణ మొదటి పేజీలో వేద్దాం. నీ ఎనిమిది నెలల కష్టం నావల్ల పోయిందంటే నాకు నిద్ర పట్టదు.”

పెద్దాయన అంతలా అయిపోతుంటే దుర్గకి కోపం నిలవలేదు. ఫోన్ తీసి క్షమాపణ రాయబోయింది. ఆవిడ దగ్గర్నుంచి అప్పటికే మెయిల్ వచ్చి ఉంది.

“మీరు చూడండి మాస్టారూ. నాకు చేతులాడట్లేదు.”

“నాకసలే బీపీ. నువ్వే చూడు తల్లీ.”

దుర్గ ఒక కన్ను మూసి, ఒక కన్నుతో తెరిచింది. ముందుగా కనిపించింది అనుమతి పత్రం. కింద మారివిక్ సంతకం.

“ఇచ్చేసిందండీ! పర్మిషన్ ఇచ్చేసింది!” అంటూ కుర్చీలో కూలబడింది.

“అమ్మయ్య!” నరసింహమూర్తి గారు గ్లాసుడు మంచినీళ్లు గటగటా తాగేశారు. “ఎంత మంచి మనిషమ్మా! కోప్పడలేదా మరి?”

“లేదండీ. ఇంకా ఏదో రాసింది. ఉండండి, చదువుతా.”

దుర్గ ఒక్కో వాక్యమే తెలుగు చేస్తూ చదివింది. “‘మీ పేజీని ఇంగ్లీషులోకి మార్చి మా పబ్లిషర్‌కి పంపాను. తర్వాతి నవల ఏదీ అని రోజూ పొద్దున్నే ఫోన్ చేసే మనిషి ఇవాళ చేయలేదు. నేనింకా ఒక్క అధ్యాయం కూడా రాయలేదు. కాబట్టి దయచేసి సవరణ వేయకండి. వచ్చే నెల నా సంతాపసభ వార్త కూడా వేశారంటే, ఆ నవలేదో ప్రశాంతంగా రాసుకుంటాను.’”