బొమ్మకు అడ్డం

"కాస్త లేవవయ్యా, బొమ్మకు అడ్డంగా ఉన్నావు," అన్నాడు కార్పొరేషన్ ఆఫీసరు.

పంక్చర్ మేస్త్రీ వెనక్కి తిరిగి చూశాడు. పాతికేళ్లుగా తను ఆనుకుని కూర్చుంటున్న గోడ మీద నిలువెత్తు మేస్త్రీ ఒకడు సైకిలు ట్యూబుకి గాలి కొడుతున్నాడు. అదే కోరమీసం, అదే చిరుగుల బనీను. పెయింటరు వారం రోజులుగా తననే చూస్తూ వేశాడు మరి.

"నేనే కద్సార్!" మేస్త్రీ ముఖం చేటంతయింది.

"నువ్వని కాదయ్యా. మన ఊరు మహానగరం అయిపోతోందిగా, పాతకాలం గుర్తుగా వేయించాం. ఇలాంటివాళ్లు ఇప్పుడెక్కడున్నారు? రేపు పెద్దవాళ్లు చూడ్డానికొస్తున్నారు. నీ సామాను తీసెయ్."

మేస్త్రీ మురిసిపోతూనే పంపూ, నీళ్ల తొట్టీ సర్దుకోసాగాడు. అంతలో అన్నం క్యారియరు తెచ్చిన భార్య గోడను ఎగాదిగా చూసింది.

"ఏమే, ఎలా ఉన్నాను?"

"బాగానే ఉన్నావు. దండొక్కటే తక్కువ."

మేస్త్రీ చెయ్యి ఆగిపోయింది. తొట్టిని మళ్లీ గోడ దగ్గరికే లాక్కుని, బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

"నేనింకా బతికే ఉన్నాన్సార్," అన్నాడు. "కావాలంటే ఆ బొమ్మనే కాస్త పక్కకి జరగమనండి."