పువ్వు పూసేదాకా ఆగాలి

“ఆకు చూసి పేరు పెట్టేవాడు మూర్ఖుడమ్మా. పువ్వు విప్పి చూడాలి,” అన్నారు హరిబాబుగారు. అమలాపురం సభల్లో శాస్త్రదృష్టి గురించి గొంతు చించుకునే పెద్దమనిషి ఆయన. తోట నిండా బ్రొమీలియాడ్లు, అంటే అనాస జాతి పూలమొక్కలు. నర్సరీలవాళ్లు తోచిన పేర్లు తగిలించి అమ్మినవి. ఆ తప్పుడు చీటీలు సరిచేసే ఉద్యోగం కోసం వచ్చింది, ఎమ్మెస్సీ చదివిన కుసుమ.

ఓ కుండీ చూపించి, “ఇదేమిటో చెప్పు,” అన్నారు.

“ఇప్పుడే చెప్పలేనండీ. పూసేక చెప్తాను. అందాకా ఈ చీటీ తీసేద్దామండి.”

“అదీ మాట! సోమవారం నుంచి వచ్చెయ్యి. తప్పుడు పేరు ఒకసారి పడిందంటే పిలకలకీ అంటుకుంటుంది, తరాలైనా వదలదు. ఇంతకీ మీ ఇంటిపేరేమిటి?”

చెప్పింది.

“ఓహో, మనవాళ్లే! మొహం చూడగానే అనుకున్నాను. కాఫీ తాగుదువుగాని.”

“ఆ ఇంటిపేరు మాకూ ఉందండీ. మాది రాజోలు దగ్గర ఎస్సీ పేటండి.”

కాఫీకి కేకెయ్యబోయినాయన నోరు మూసుకున్నారు.

“సోమవారం వద్దులేమ్మా. నేనే కబురు పెడతాను.”

“ఆయ్,” అంది కుసుమ. చెప్పులేసుకుని, “మీరూ ఆకే చూసేరండీ,” అనేసి వెళ్లిపోయింది.

కబురు వెళ్లలేదు. ఉద్యోగం ఆయన మేనల్లుడికి దక్కింది. అతగాడు మొన్న గట్టు మీది మొగలి పిలక్కి కూడా బ్రొమీలియాడని చీటీ కట్టాడు. చూసినవాళ్లు నవ్వితే హరిబాబుగారికి కోపం వచ్చింది.

“అప్పుడే తేల్చేస్తే ఎలాగండీ? వాడింకా మొగ్గ. పువ్వు పూసేదాకా ఆగాలి!”