టోనర్ పొదుపు

"దీన్ని ప్రింటంటారా? అక్షరాలకి జబ్బు చేసినట్టుంది," అంది భార్య, కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి.

ప్రింటింగ్ షాపు యజమాని తల పట్టుకున్నాడు. పసిపిల్లల బడి నడిపే టీచరమ్మ ఫోన్లో పంపిన అక్షరాల కాగితానికి పొద్దున ఒక మచ్చు తీసి ఆవిడకి చూపించాడు. అది వెలిసిపోయి వచ్చింది.

"ఆవిడేమందో విన్నావా? 'మూడు షాపులు తిరిగానండీ, ఇలా ఎక్కడా రాలేదు' అంది. నవ్వుతూ మరీ!"

"మెచ్చుకుందేమో."

"ఇన్నేళ్ళుగా గల్లా దగ్గర కూర్చుంటున్నాను. కొనేవాళ్ళు మెచ్చుకున్నారంటే లోపం దొరికిందని లెక్క. సాయంత్రం ఇచ్చే కట్ట ఆవిడకి నచ్చితే ఏడాదంతా ఆ బడి పని మనదే. లేదా, ఎదురు షాపువాడిది."

టోనర్ కార్ట్రిడ్జ్ బయటికి లాగి, ఉయ్యాల ఊపినట్టు అటూ ఇటూ నెమ్మదిగా ఊపాడు. ఒక పక్కకి చేరిన పొడి సర్దుకుంటుందని ఆశ. మళ్ళీ ప్రింట్ తీశాడు. మసకే.

"కాగితం చెమ్మ పట్టిందేమో," అని భార్య కొత్త కట్ట విప్పింది. అదీ మసకే.

"కొత్త కార్ట్రిడ్జ్ కొనేద్దామా?"

"ఉండవే. తలనొప్పికి తల మార్పించుకుంటామా?"

భార్య కంప్యూటర్లో ప్రింటర్ సెట్టింగులు తెరిచింది. కిసుక్కున నవ్వింది.

"టోనర్ పొదుపు అని ఇక్కడ టిక్కు పెట్టిందెవరండీ?"

అతను పైకప్పు వైపు చూశాడు.

"మీ పిసినారితనం ఇంట్లోవాళ్ళతో ఆగక, మిషన్‌కి కూడా అంటించారన్నమాట!"

"పొదుపు చేశానే తల్లీ, దొంగతనం చెయ్యలేదు. తీసెయ్. నలుపు కూడా చివరంటా పెంచు. విత్తనం దాచుకుంటే పంట రాదు."

ఈసారి అక్షరాలు కాటుకలా నిగనిగలాడాయి. కట్ట మొత్తం తీసి, అంచులు సమంగా సర్ది, పొద్దుటి మచ్చుని చింపి బుట్టలో పడేశాడు. ఎదురు షాపు వైపు ఒక చూపు చూసి మీసం కూడా సవరించుకున్నాడు.

సాయంత్రం టీచరమ్మ వచ్చింది. అతను కట్టని రెండు చేతులా అందించాడు.

"పొద్దుటి దాన్ని మర్చిపోండమ్మా. ఇప్పుడు చూడండి, ఎలా ఉన్నాయో!"

ఆవిడ పై కాగితం చూసింది. దాని కిందిది చూసింది. ముఖంలో నవ్వు మాయమైంది.

"అయ్యో, ఇంత నల్లగా ఉంటే పిల్లలు వీటి మీద ఎలా దిద్దుతారండీ?"