చేతి క్లచ్

శ్యాంసుందర్ కుంటివాడు కావాలని మంగళవారం పొద్దున చాయ్ తాగుతూ నిశ్చయించుకున్నాడు. బుధవారం మధ్యాహ్నానికల్లా ఎడమకాలు చచ్చుబడిందని కాగితం కూడా వచ్చేసింది. దేవుడైతే ఒక కాలు తీసుకోవడానికి కాస్త ఆలోచిస్తాడు. శ్యాంసుందర్ పనులు అట్లా ఆగవు.

ఆయన కోరుట్లలో గల్ఫ్ ఏజెంటు. నలభై మంది పాస్‌పోర్టులు గుంజుకుని, "వచ్చే వారమే ఫ్లైటు" అని మూడు నెలలుగా చెబుతున్నాడు. ఆ వారం ఎంతకీ రాకపోయేసరికి జనమే వచ్చి గుమ్మం ముందు కూర్చుంటున్నారు. ఇక ఊరు విడవాల్సిందే. పాస్‌పోర్టుల సంచీతో బొంబాయి చేరితే, వాటిని కొనేవాళ్లు అక్కడ ఉన్నారు.

దారిలో చెక్‌పోస్టులే బాధ. కానీ వికలాంగుడి బోర్డున్న కారును పోలీసులు ఊరికే సోదా చెయ్యరు. "పాపం, పోనియ్" అంటారు. చిక్కల్లా ఒక్కటే. కాగితం మీద ఎడమకాలు చచ్చింది, కారులో ఎడమకాలితో తొక్కే క్లచ్ ఉంది. ఎవడైనా లోపలికి తొంగి చూస్తే పని అయిపోయినట్టే.

సిరిసిల్లలో ఒక మిస్త్రి పాత మరమగ్గాల స్ప్రింగులు, బద్దలు ఏరుకొచ్చి కార్లకు చేతి క్లచ్ కడతాడని ఎవరో చెప్పారు. కోరుట్లలో చేయించుకునే వీలు లేదు. అక్కడ శ్యాంసుందర్ కాళ్ల సత్తా అందరికీ తెలుసు. ఆయన వెనక గోడ దూకుతుంటే కళ్లారా చూసినవాళ్లే డజను మంది ఉంటారు.

షెడ్డులో మిస్త్రి ఒక జీపు కింద, గుంతలో ఉన్నాడు. గ్రీజు పూసుకున్న గడ్డం, భుజాలు తప్ప మనిషి కనబడటం లేదు.

"నమస్తే మిస్త్రీ. కాలు సచ్చినోన్ని. ఇగ నీ దయ," అన్నాడు శ్యాంసుందర్, కర్ర మీద ఒరిగి, గొంతులో తడి తెచ్చుకుని.

మిస్త్రి గుంతలోంచే తేరిపార చూశాడు. "అన్నా, లోపటికి వచ్చేటప్పుడు ఎడమకాలు కుంటినవు. గిప్పుడు కుడికాలు కుంటుతున్నవు. రెండిటికీ కాగితం ఉన్నదా?"

శ్యాంసుందర్ గబుక్కున కర్ర చేయి మార్చాడు. మిస్త్రి నవ్వాడు. శ్యాంసుందర్ కూడా నవ్వాడు. తనలాంటివాడే దొరికాడని ప్రాణం నిమ్మళించింది.

"రేపు నాలుగింటికి అయిపోతది," అన్నాడు మిస్త్రి. "గేరు రాడ్‌కు స్కూటర్ క్లచ్ లెక్క ఒక పిడి పెడుత. పిసికితే వైరు గుంజుకొని క్లచ్ పడ్తది. మెల్లగ ఇడిస్తే బండి కదుల్తది. కాలుతోటి పనే లేదు."

"కింద పెడల్ గట్లనే ఉంచు. నాకు అలవాటు."

"అమ్మో! గదుంటే దొరికిపోతవన్నా. కాలు సచ్చినోని బండిల పెడల్ రబ్బరు అరిగి ఉంటే, గిది ఎవడు తొక్కిండని పోలీసోడు అడగడా? పీకి పడేస్త."

ఇంత తెలివైనవాణ్ణి గల్ఫ్‌కు పంపకుండా ఎట్లా వదిలేశానా అని శ్యాంసుందర్ నిజంగానే బాధపడ్డాడు.

"సరే, సీట్ల కూసుంట. కొలత తీసుకో. పిడి నా చేతికి అందాలె గద."

"అక్కర లేదన్నా. కొలత నాకెరుకే."

పేరైనా అడగకుండా శ్యాంసుందర్ వెళ్లిపోయాడు. మనుషుల పేర్లు పాస్‌పోర్టుల్లో చదవడమే ఆయనకు అలవాటు.

మర్నాడు నాలుగింటికి కారు తయారుగా ఉంది. మిస్త్రి మళ్లీ జీపు కింద గుంతలోనే ఉన్నాడు. పిడి రెండుసార్లు పిసికి చూశాడు. బాగానే ఉంది. నడపడం దారిలో అదే వస్తుందనుకుని సంచీని ముందు సీటు మీద పెట్టాడో లేదో, షెడ్డు పక్కన ఒక ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి కోరుట్ల కనకవ్వ దిగింది. ఆమె వెనక పదిహేను మంది.

"ఫోన్ చేసినోడు నిజమే చెప్పిండు! అగో, గీడనే ఉన్నడు! నా కొడుకు నరేశ్ పాస్‌పోర్ట్ ఏదిరా, శ్యాముగా?"

శ్యాంసుందర్ కర్ర విసిరేశాడు. చచ్చుబడిన కాలికి ఎక్కడలేని ప్రాణం వచ్చింది. ఒక్క దూకులో కారెక్కి తాళం తిప్పాడు. ఇరవై ఏళ్ల అలవాటు చొప్పున ఎడమకాలు ఎత్తి, పెడల్ లేని చోట ధన్‌మని తొక్కి, పిడి సంగతే మరిచి గేరు రాడ్‌ను ముందుకు తోశాడు. లోపల పళ్లు కొరికిన చప్పుడైంది. కారు కప్పలా ఎగిరి ఆగిపోయింది. మళ్లీ తాళం, మళ్లీ తొక్కుడు, మళ్లీ కప్ప. ఆ తొక్కుడుకు పెడలే గనక ఉండి ఉంటే, కారు బొంబాయి దాటి సముద్రంలో పడేది.

"కాలు మంచిగనే ఉన్నది గదరా నీకు!" అంది కనకవ్వ, డోర్ తెరిచి కాలర్ పట్టుకుంటూ.

"మిస్త్రీ! నువ్వన్న నడుపు! బయటికి తీస్కపో! నీ కాళ్లు మొక్కుత!" అని శ్యాంసుందర్ అరిచాడు.

గుంతలోంచి మొదట రెండు చేతులు పైకి వచ్చాయి. తర్వాత ఒక చంకకర్ర. ఆ తర్వాత కుడికాలు. రెండో కాలు రాలేదు. ఆ వైపు ప్యాంటు మోకాలి దగ్గర మడిచి పిన్నీసు పెట్టి ఉంది.

"కాళ్లు అనకన్నా. ఉన్నది ఒక్కటే," అన్నాడు మిస్త్రి.

శ్యాంసుందర్‌ను వెనక సీట్లోకి తోసి, కనకవ్వ ఒక పక్క, ఆమెతో వచ్చిన పోశం అనే లావుపాటి గౌడన్న ఇంకో పక్క కూర్చున్నారు. మిస్త్రి స్టీరింగ్ ముందు కూర్చుని సంచీని చంకకర్ర పక్కన సర్దాడు. పిడి ఆయన అరచేతిలో అచ్చు కొలిచినట్టు ఇమిడింది. రెండు వేళ్లతో పిసికి వదిలేసరికి, కారు చప్పుడు లేకుండా పోలీస్ స్టేషన్ దారి పట్టింది.

"ఫోన్ చేసి పుణ్యం కట్టుకున్నవు ముత్యం," అంది కనకవ్వ మిస్త్రితో.

"ముత్యమా? ఏ ముత్యం?" అన్నాడు శ్యాంసుందర్.

మిస్త్రి అద్దంలోంచి ఆయన వైపు చూశాడు. "ఎనిమిదేండ్ల కింద డ్రైవర్ వీసా అని చెప్పి నువ్వు రాళ్ల మిషన్ మీదికి తోలినోన్నే అన్నా. కాలు గాడ్నే పోయింది గని, ఇగో, డ్రైవర్ నౌకరి మాత్రం నువ్వన్నట్టే ఇయ్యాల ఇప్పిచ్చినవు."