అచ్చం అక్కలాగే

"ఏదైనా మాట్లాడే స్వేచ్ఛ నాకుందక్కా! టీవీలో నీ నత్తిని దించితే ఏం కొంపలు మునిగాయి? కోపముంటే నువ్వూ తిట్టు, నీకు మాత్రం నోరు లేదా?" అన్నాడు మిమిక్రీ చేసే తమ్ముడు.

కుట్టుమిషను ముందున్న అక్క తలెత్తలేదు. ఒకప్పుడు ఆ నత్తితోనే, వచ్చినవాళ్లందరినీ కబుర్లలో ముంచెత్తిన మనిషి.

ఇంతలో గౌను కుట్టడానికిచ్చినావిడ వచ్చింది. "ఎన్ని రోజుల్లో ఇస్తావమ్మా?"

అక్క రెండు వేళ్లు చూపించింది.

"వేళ్లెందుకు? నోటితో చెప్పు. టీవీలో మీ తమ్ముడు నీలా మాట్లాడుతుంటే నవ్వలేక చచ్చామనుకో. ఒక్కసారి అనవూ!"

అక్క పెదవులు బిగించి గుడ్డ మీదికి వంగింది.

ఆవిడ వెనక, తలుపు వారగా ఉన్న తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. క్షమించమనబోతే మాట తడబడింది.

"అ... అ... అక్కా..."

ఆవిడ వెనక్కి తిరిగి, గుర్తుపట్టి, చప్పట్లు కొట్టింది.

"అరె, మీరేనా! అచ్చం దించేశారండీ!"