చిన్న దేశాల పొగ

దూరదేశంలో బాంబు పేలి అరవైమంది పోయారంటూ టీవీలో చూపిస్తున్న పొగలో అత్తగారికి తన పెరడు కనిపించింది.

"అమ్మో! అది నా చారల దుప్పటి! అదిగో, చెవి విరిగిన నా బకెట్టు!"

ఒక్క పరుగున పెరట్లోకి వెళ్లింది. దుప్పటి తీగమీదే ఉంది. బకెట్టు కుళాయి కిందే ఉంది. బాంబూ లేదు, బూడిదా లేదు. రొప్పుతూ తిరిగొచ్చేసరికి టీవీలో దూరదేశం అయిపోయి, మళ్లీ పెద్ద దేశంలోని నగరం వచ్చేసింది. అక్కడా బాంబే. కాకపోతే ఒక హోటలు అద్దాలు పగిలాయి, ఒకాయన మోచెయ్యి గీరుకుపోయింది. పొద్దుట్నుంచీ ఆ మోచేతినే అటు తిప్పి, ఇటు తిప్పి చూపిస్తున్నారు.

అల్లుడు ఆ చానల్లోనే న్యూస్ ఎడిటర్. సెలవు కావడంతో సోఫాలో కూర్చుని గోళ్లు కత్తిరించుకుంటున్నాడు.

"చూశారా అల్లుడుగారూ, ఈ ఘోరం?"

"పొగంతా ఒకేలా ఉంటుంది అత్తయ్యగారూ."

"పొగ ఒకేలా ఉంటుంది సరే. దుప్పటికి నేను వేసిన ఆకుపచ్చ మాసిక కూడానా?"

ఇంతలో ఫోన్ మోగింది. ఆవిడ ఆడపడుచు.

"వదినా, టీవీలో మీ పెరడు చూశా! బతికే ఉన్నావా?"

"చచ్చిపోయి మాట్లాడుతున్నానా? పెట్టెయ్!"

గుమ్మంలో పై వాటా కుటుంబం సూట్‌కేసులతో సహా నిలబడి ఉంది. "పిల్లలు గలవాళ్లమండీ. బాంబులు పడే ఇంట్లో ఉండలేం" అని వీధిన పడ్డారు.

అత్తగారి మొహం జేవురించింది.

"మీ చైర్మన్‌గారి భార్య రోజూ నాతోనే వాకింగ్‌కి వస్తుంది. ఇప్పుడే చెబుతా. ఈ పని చేసినవాడి ఉద్యోగం ఊడేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టను!"

అల్లుడి చేతిలో కత్తెర ఆగింది.

"పోనివ్వండి. పాపం, ఎవడో పెళ్లాంబిడ్డలు గలవాడు."

"పోయిన అరవైమందికీ లేరా పెళ్లాంబిడ్డలు? వాళ్లు టీవీలో తమవాళ్ల కోసం చూస్తే నా బకెట్టు కనిపిస్తుందా? మీకు కెమెరాలే లేవా?"

"ఉన్నాయండీ. అన్నీ మోచేతి దగ్గరున్నాయి."

"సిగ్గులేకపోతే సరి!" అంటూ ఆవిడ నంబరు నొక్కేసింది. అవతల రింగవుతోంది. "హలో" అని కూడా వినిపించింది.

అల్లుడు గబుక్కున ఫోన్ లాక్కుని కట్ చేసి, ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నేనే అత్తయ్యగారూ! పోయినేడు మీరు కూర మాడ్చి, పొగలు కక్కే మూకుడు పెరట్లో పడేసినప్పుడు, నవ్వుకుందామని వీడియో తీశాను. ఆఫీసులో ‘చిన్న దేశాల పొగ’ అని దాచిపెట్టాం. ఇప్పటికి తొమ్మిది దేశాలకి వాడాం... ఇది ఆ దేశం కాదని మొదట పోల్చుకున్నది మీరే!"