మొండి మొక్కలు

“ఇది దానంతటది చచ్చింది కాదన్నా. ఎవరో చంపిండ్రు,” అంది ఖమరున్నీసా.

బసవపున్నయ్య ఆమె చేతిలోని మొక్కను చూశాడు. ఖమ్మంలో ఆమె నడిపే రంగుచేపల దుకాణానికి ములకలపల్లి నుంచి రావడం అతనికి కొత్త కాదు. వచ్చినప్పుడల్లా ఒకటే మాట. చేపలతొట్టెల మొక్క చచ్చిపోయింది, ఇంకోటి ఇయ్యమ్మా. ఈసారి చచ్చినదాన్ని తెచ్చి చూపించమని ఆమే అడిగింది. తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు.

“కుళ్లితే మెత్తగయితది. ఇది చూడు, కత్తెరతోని కోసినట్టుంది. ఇంట్ల పిల్లలున్నరా?”

“లేరు. ఒక్క పిల్ల ఉండె. పోయింది.”

బస్సు పోయిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఖమరున్నీసా కొంగుతో చేతులు తుడుచుకుని గాజుతొట్టెల వైపు తిరిగింది.

“మొండివి ఇయ్యమ్మా,” అన్నాడతను. “ఎకరాలకెకరాలు మిరప పండించినోణ్ని. ఆ పెట్టెల ఒక్క ఆకు నిలుస్తలేదు.”

“కొత్తగ పెంచెటోళ్లకు ఇవే మంచియి. గీ నాచును ఊకె నీళ్లల్ల వదిలినా బతుకుతది. గీ పొడుగాకుల గడ్డిని ఇసుకల నాటు. గీ లావు కాడ దాన్ని మాత్రం పూడ్చకు, కుళ్లుతది. దారంతోని రాయికి కట్టు. పొద్దటి ఎండ కొంచెం తగిలితే సాలు.” మొక్కలను నీళ్ల కవరులో పెట్టి మూతి బిగించింది. “ఇంటికి పోయి అడుగన్నా. కోసినోళ్లెవరో ఇంట్లనే ఉన్నరు.”

ఇంట్లో ఉన్నది భార్య ఆదెమ్మ ఒక్కతే.

కొత్తగూడెంలో బస్సు మారాడు. అడవి మొదలయ్యాక కవరును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. భార్య మీద కోపం వస్తుందేమోనని చూశాడు. రాలేదు. చాలా రోజులుగా ఏదీ రావడం లేదు. పొలం కౌలుకిచ్చేశాడు. మనసు మళ్లుతుందని డాక్టర్ చెబితే అతని అన్న చేపలతొట్టె తెచ్చి ఇంట్లో పెట్టాడు. దాని ముందు కూర్చుంటాడు. చేపలను చూస్తున్నాడో లేదో అతనికే తెలియదు.

ఇల్లు చేరేసరికి ఆదెమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది.

“బస్సు దొరికిందా?”

“దొరికింది. కొత్తగూడెంల మస్తు జనం. ఎవరిదో మేక ఎక్కింది బస్సుల. కండక్టర్ దింపుమంటడు, ఆ ముసలామె దింపనంటది.”

“ఆఖరికి దింపిండా?”

“లే. మేకకు సీటు కూడా దొరికింది.”

ఆదెమ్మ చిన్నగా నవ్వింది. అతను తొట్టె దగ్గర కూర్చుని గడ్డి నాటాడు. నాచు వదిలాడు. లావు కాడను రాయికి ఆనించి దారం చుట్టాడు. ముడి వేస్తూ, తలెత్తకుండానే అడిగాడు.

“ఆదెమ్మా, మొక్కలు కోసేది నువ్వేనా?”

“అవ్.”

అబద్ధమాడుతుందనుకున్నాడు. జారిన ముడిని మళ్లీ బిగించాడు.

“చేపలంటే గిట్టదా?”

“అవేం చేసినయ్ పాపం.”

“మరేంది? బిడ్డ లేని ఇంట్ల ఇవి పెరుగుతుంటే చూడలేకనా?”

ఆమె కాదన్నట్టు తలూపింది. అతని చేతిలోంచి రాయి తీసుకుని తొట్టె అడుగున పెట్టింది. చేపలు ఒకసారి చెదిరి మళ్లీ సర్దుకున్నాయి.

“బిడ్డ పోయినంక మీ అన్న వచ్చి పిలిచినా నువ్వు గడప దాటలే. నాతోని ఒక్క మాట మాట్లాడలే,” అంది తడిచేయి చీరకు తుడుచుకుంటూ. “మొదటి మొక్క దానంతటదే చచ్చిందయ్యా. ఆనాడు నువ్వు చొక్కా తొడుక్కొని బస్సెక్కినవ్, తిరిగొచ్చి నాతోని మాట్లాడినవ్. అందుకే మిగతావి నేను కోసిన.”